లడ్డూకి స్కర్వీ వచ్చింది... నేను గుర్తుపట్టలేదు

ఓపీలో కూర్చుంటే రోజుకి వందమందికి తక్కువ కాకుండా చూస్తాను. వాళ్లలో సగం మందిని నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. 'ఏం తింటున్నారు?' అని. అదే ప్రశ్న ఇంకో డాక్టరు నన్ను అడిగిన రోజు గురించి ఈ వారం రాస్తున్నాను. అడిగినాయన పశువైద్యుడు. రోగి మా అమ్మాయి పెంచుకుంటున్న గినీ పిగ్. పేరు లడ్డూ.

మా అమ్మాయి ఆరో తరగతి. కుక్కపిల్ల కావాలని రెండేళ్లు అడిగింది. అపార్ట్‌మెంట్‌లో కుదరదని మేమూ రెండేళ్లు చెప్పాం. చివరికి సిటీకి వెళ్లినప్పుడు ఒక పెట్ షాపులో ఈ గినీ పిగ్‌లు కంటబడ్డాయి. మొరగవు, కరవవు, చిన్న చోటు చాలు. పుట్టినరోజు కానుకగా రెండు కొన్నాం. లడ్డూ, బుజ్జి. 'ఏం పెట్టాలి?' అని అడిగితే షాపతను, 'కుందేలు లాంటిదే సార్, ఏదైనా తింటుంది' అని రంగురంగుల గింజల ప్యాకెట్ ఒకటి చేతిలో పెట్టాడు. అది అయిపోయాక కుందేళ్ల కోసం అమ్మే గుళికల దాణా తెచ్చాం. దానితోపాటు రోజూ క్యారెట్ ముక్కలు, కీరా ముక్కలు. మా అమ్మ మనవరాలి మీద ప్రేమ వాటి మీద కూడా చూపించి, టీలో ముంచిన బిస్కెట్ అప్పుడప్పుడు పెట్టేది. కడుపు నిండా తింటున్నాయి కదా అని నేను పట్టించుకోలేదు.

రెండు నెలలు తిరక్కుండానే లడ్డూ పరుగులు మానేసింది. మూల కూర్చుని ఉండేది. బొచ్చు గరుకుగా, రేగినట్టు అయింది. ఎత్తుకుంటే కీచుమని ఏడ్చేది. వెనక కాలి కీలు కొద్దిగా వాచినట్టు కనిపించింది. 'ఎక్కడో దూకి బెణికించుకుని ఉంటుంది' అన్నాను. మర్నాటికి తిండి కూడా తగ్గించింది. అప్పుడు ఇన్ఫెక్షనేమో అనిపించి, ఇంట్లో మందుల డబ్బా తెరిచాను. పాప గొంతునొప్పికి వాడగా మిగిలిన అమాక్సిసిలిన్ ఉంది. ఇంత చిన్న ప్రాణికి ఎంత మోతాదు ఇవ్వాలో లెక్క కూడా వేసుకున్నాను. 'నాన్నా, దాని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్దాం' అని పాప పట్టుబట్టకపోతే ఇచ్చేసేవాణ్నే.

పశువుల ఆసుపత్రిలో ఆయన లడ్డూ నోరు తెరిచి చూశారు. చిగుళ్ల దగ్గర ఎర్రగా రక్తం జీర. కీళ్లు నొక్కి చూశారు. తర్వాత నా వైపు తిరిగి, 'ఏం పెడుతున్నారు సార్?' అన్నారు. చెప్పాను. 'ఇది స్కర్వీ సార్. మీకు నేను చెప్పాలా?' అన్నారు నవ్వుతూ. నవ్వు రాలేదు నాకు.

అంతకు కొన్ని వారాల ముందే మా వార్డులో ఒక పెద్దాయన చేరారు. ఒంటరిగా ఉంటున్నారు. పళ్లు లేవు. పొద్దున బన్ను, టీ. మధ్యాహ్నం చారన్నం. రాత్రి మళ్లీ టీ. తొడల మీద కమిలిన మచ్చలు, వెంట్రుకల మొదళ్ల చుట్టూ ఎర్రటి చుక్కలు. స్కర్వీ అని నేనే పోల్చి, జూనియర్ డాక్టర్లను పిలిచి చూపించి, అరగంట పాఠం చెప్పాను. మాత్రలు మొదలుపెట్టిన కొన్ని రోజులకే ఆయన లేచి తిరిగారు. అలాంటిది మా ఇంటి బాల్కనీలో, నా కళ్లముందు, అదే జబ్బు వస్తే బెణుకు అనుకున్నాను.

మనకూ దానికీ ఒకటే లోటు

కుక్క, పిల్లి, ఆవు, మేక, ఎలుక, కుందేలు... ఇవన్నీ తమకు కావాల్సిన విటమిన్ సిని ఒంట్లోనే తయారు చేసుకుంటాయి. చక్కెర నుంచి దాన్ని తయారుచేసే దారిలో చివరి మెట్టుకి ఒక ఎంజైమ్ కావాలి. ఆ ఎంజైమ్ మనిషిలో పనిచేయదు. గినీ పిగ్‌లోనూ పనిచేయదు. అందుకే మనం, అది, రోజూ తిండి నుంచే విటమిన్ సి తెచ్చుకోవాలి. కుందేలు దాణాలో విటమిన్ సి కలపాల్సిన అవసరం ఉండదు, ఎందుకంటే కుందేలుకి అక్కర్లేదు. 'కుందేలు లాంటిదే సార్' అన్న ఒక్క మాటలో ఉన్న ప్రమాదం ఇదీ.

నిజానికి స్కర్వీ గురించి వైద్యులకు తెలిసినదాంట్లో పెద్ద భాగం ఈ జంతువు పెట్టిన భిక్షే. 1907లో నార్వేలో ఆక్సెల్ హోల్స్ట్, థియోడర్ ఫ్రోలిక్ అనే ఇద్దరు ఓడ నావికులకు వచ్చే బెరిబెరి జబ్బు మీద పరిశోధన చేస్తూ గినీ పిగ్‌లకు ఉత్త ధాన్యం, రొట్టె పెట్టారు. బెరిబెరి రాలేదు, స్కర్వీ వచ్చింది. తాజా కూరలు పెడితే తగ్గింది. వాళ్లు గినీ పిగ్‌కి బదులు ఎలుకను వాడి ఉంటే ఏమీ కనిపించేది కాదు. పాతికేళ్ల తర్వాత, 1932లో, హంగరీలో ఆల్బర్ట్ సెంట్-జార్జి బృందం తమ దగ్గరున్న పదార్థమే విటమిన్ సి అని తేల్చుకున్నదీ గినీ పిగ్‌ల మీదే. ఆ పదార్థాన్ని ఆయన పెద్ద మొత్తంలో తీసింది దేని నుంచి అనుకున్నారు? ఎర్రటి పాప్రికా మిరప నుంచి. అంటే మన కాప్సికం చుట్టమే. 1937లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఇదంతా ఎంబీబీఎస్‌లో చదివాను, పరీక్షలో రాశాను, మార్కులు తెచ్చుకున్నాను.

మా తరం మెడికోలకు గినీ పిగ్ అంటే ఫార్మకాలజీ ప్రాక్టికల్సే గుర్తొస్తాయి. దాని పేగు ముక్క మీద మందులు ఎలా పనిచేస్తాయో చూపించేవాళ్లు. దానికి ఆకలేస్తే ఏం పెట్టాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

గడ్డి ముందు, మిగతావన్నీ తర్వాత

పేరులో పంది ఉన్నా ఇది పంది కాదు. గినీ దేశానిదీ కాదు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండ ప్రాంతం దీని పుట్టిల్లు. గడ్డి తిని బతికే ప్రాణి. దాని నోట్లో 20 పళ్లుంటాయి. అన్నీ బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి. గంటల తరబడి గడ్డి నమిలితేనే అవి అరుగుతాయి. గుళికలు పది నిమిషాల్లో తినేస్తుంది, వాటితో పళ్లు అరగవు. అలా పెరిగిపోయిన దవడ పళ్లు రెండు వైపుల నుంచీ వంగి నాలుకను నొక్కేస్తాయి. అప్పుడు దానికి ఆకలి ఉంటుంది, తిండి దగ్గరికి వస్తుంది, కానీ మింగలేదు.

పళ్ల తర్వాత పేగు. ఆవు గడ్డిని పొట్టలో పులియబెట్టుకుంటుంది. గినీ పిగ్ ఆ పని పేగు చివరి భాగంలో, ఒక పెద్ద సంచి లాంటి దాంట్లో చేస్తుంది. అక్కడ కోట్ల సంఖ్యలో మంచి బ్యాక్టీరియా ఉంటాయి. వాటికి పీచు అందుతూ ఉండాలి. అందకపోతే పేగు కదలిక ఆగిపోతుంది. పూట పూటకీ తినే మనిషి ఒక రోజు ఉపవాసం ఉంటే పుణ్యం. గినీ పిగ్ ఒక రోజంతా తినకపోతే ఎమర్జెన్సీ. 'రేపటిదాకా చూద్దాం' అనకండి. ఇంకో సంగతి, అది తన మెత్తటి రెట్టను తానే తింటుంది. పిల్లలు 'ఛీ' అంటారు. అందులో విటమిన్ బి రకాలు ఉంటాయి, దానికి అవి అవసరం. అడ్డుకోకూడదు.

ఇప్పుడు ఆ అమాక్సిసిలిన్ సంగతి. పెన్సిలిన్ జాతి మందులు నోటిద్వారా ఇస్తే ఆ సంచిలోని మంచి బ్యాక్టీరియా చచ్చిపోతాయి. ఆ ఖాళీలో విషం చిమ్మే క్లాస్ట్రిడియం బ్యాక్టీరియా పెరుగుతుంది. కొద్ది రోజుల్లో ప్రాణం పోతుంది. మనకు అతి మామూలు మందు దానికి విషం. క్లిండమైసిన్, ఎరిత్రోమైసిన్ కూడా అంతే. మనుషుల మందు ఏదీ పశువైద్యుణ్ని అడక్కుండా ఇవ్వకండి. ఇంట్లో డాక్టరు ఉన్నా సరే. ఉంటే మరీ.

గడ్డి ఎక్కడ దొరుకుతుంది అని మధ్యతరగతి ఇళ్ల నుంచి వచ్చే మొదటి ప్రశ్న. ఆన్‌లైన్‌లో విదేశీ తిమోతి ఎండుగడ్డి అమ్ముతారు. మంచిదే, ఖరీదెక్కువ. కొనగలిగితే కొనండి. మా ఇంట్లో ఈ సమస్య తీర్చింది మా అమ్మే. బిస్కెట్లు పెట్టింది ఆవిడే కానీ, పల్లెటూళ్లో గేదెల్ని మేపి పెరిగిన మనిషి. 'గడ్డి తినే జీవమని ముందే చెప్పొచ్చు కదరా' అని నన్నే తిట్టి, ఖాళీ స్థలంలో ఏది గరికో ఏది తుంగో పాపకి చూపించింది. వినాయక చవితికి తెచ్చుకునే ఆ గరికే వీటికి చక్కటి మేత. గుడి దగ్గర ఆవులకు పెట్టడానికి అమ్మే పచ్చగడ్డి కట్టలూ పనికొస్తాయి. అయితే రోడ్డు పక్కన కుక్కలు తిరిగే చోట, మందు కొట్టిన పొలం గట్ల మీద కోసినది వద్దు. కడిగి, నీరు ఓడ్చి పెట్టాలి. ఎక్కువ దొరికితే నీడలో పలచగా ఆరబెట్టి దాచుకోవచ్చు. బూజు వాసన వస్తే పారేయాలి. వరిగడ్డి పరుపుగా పరచడానికి బాగుంటుంది, కొరుక్కుంటుంది కూడా. కానీ అందులో సత్తువ తక్కువ, దాన్నే మేతగా పెట్టకూడదు. లూసర్న్ గడ్డి ఆరు నెలల్లోపు పిల్లలకు, చూలుతో ఉన్నవాటికి మంచిది. పెద్దవాటికి రోజూ పెడితే అందులోని కాల్షియం మూత్రాశయంలో రాళ్లు కట్టే ప్రమాదం ఉంది.

గడ్డికి కొలత లేదు. రాత్రీ పగలూ ముందు ఉండాల్సిందే. మిగతావాటికే కొలత. ఒక్కోదానికి రోజుకి ఒక కప్పు ఆకుకూరలు, కూరగాయలు. గినీ పిగ్‌ల కోసమే తయారుచేసిన, విటమిన్ సి కలిపిన గుళికలైతే రెండు టేబుల్ స్పూన్లు చాలు. ఆ గుళికల్లోని విటమిన్ సి కూడా నిలవ ఉన్నకొద్దీ తగ్గిపోతుంది. తయారై మూడు నెలలు దాటిన ప్యాకెట్‌ని నమ్ముకోకూడదు. చౌకగా వస్తుందని పెద్ద బస్తా కొనడం అందుకే నష్టం.

చెత్తబుట్టలో మందు

మేం కూరగాయలు పెట్టలేదా అంటే పెట్టాం. అదే నన్ను బాగా కుదిపింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వేసిన పాత ఆహార పట్టిక ఒకటి నా బీరువాలో ఉంది. ఆ రాత్రి తీసి చూశాను. 100 గ్రాముల క్యారెట్‌లో విటమిన్ సి 3 మిల్లీగ్రాములు. కీరాలో 7. కొత్తిమీరలో 135. కాప్సికంలో 137. జామపండులో 212. మునగాకులో 220. ఉసిరి సంగతి సరేసరి, 600 అని ఉంది. కొత్త పట్టికల్లో ఉసిరి అంకె తగ్గింది గానీ, ఇప్పటికీ అది ముందు వరసలోదే.

కిలో బరువున్న గినీ పిగ్‌కి రోజుకి 10 నుంచి 30 మిల్లీగ్రాములు కావాలి. పెద్ద వయసు మగవాళ్లకు ఐసీఎంఆర్ 2020లో చెప్పింది రోజుకి 80 మిల్లీగ్రాములు, ఆడవాళ్లకు 65. బరువు లెక్కన చూస్తే దాని అవసరం మనకంటే పది, ఇరవై రెట్లు. క్యారెట్‌తో 30 మిల్లీగ్రాములు రావాలంటే ఒక కిలో పెట్టాలి. అంటే దాని బరువంత క్యారెట్. కాప్సికం అయితే ఓ పెద్ద ముక్క, 22 గ్రాములు. కొత్తిమీరా అంతే. మా ఇంట్లో రోజూ కూరలోకి కొత్తిమీర ఆకులు గిల్లి, కాడలు చెత్తబుట్టలో వేస్తాం. రెండు నెలలు లడ్డూకి క్యారెట్ పెట్టి, అది ఇష్టంగా తినే కాడల్ని బయట పారేశాం.

ఎక్కువ ఉన్నదే ఎక్కువ పెడదాం అనుకుంటే అదీ పొరపాటే. మునగాకులో విటమిన్ సితో పాటు కాల్షియం కూడా బాగా ఎక్కువ, అందుకని వారానికి ఒకసారి ఓ రెమ్మ. పాలకూర, తోటకూరల్లో ఆక్సలేట్లు ఉంటాయి, రోజూ వద్దు. జామలో తీపి ఉంది, వారానికి రెండుసార్లు చిన్న ముక్క. రోజువారీకి కాప్సికం, కొత్తిమీర నిశ్చింతగా పెట్టుకోవచ్చు. ఉల్లి, వెల్లుల్లి, పచ్చి బంగాళాదుంప, టమాటా ఆకులు పెట్టకూడదు. చాక్లెట్, పాలు, పెరుగు, బ్రెడ్డు, అన్నం, చపాతీ కూడా వద్దు. ఏ కొత్త ఆకైనా మొదటిరోజే గుప్పెడు వేయకుండా కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. లేకపోతే విరేచనాలు పట్టుకుంటాయి.

మాత్ర పొడి చేసి నీళ్లలో కలిపితే సరిపోదా అని మా కొలీగ్ అడిగారు. వెలుతురుకి, నిలవకి నీళ్లలోని విటమిన్ సి గంటల్లో తగ్గిపోతుంది. పైగా రుచి మారిందని అది నీళ్లే తాగడం మానేస్తే ఇంకో జబ్బు. మల్టీవిటమిన్ చుక్కలు కూడా వద్దు. విటమిన్ సి కోసం వాటిని పోస్తే ఎ, డి విటమిన్లు హద్దు దాటుతాయి. జబ్బు పడ్డప్పుడు ఎంత డోసు ఇవ్వాలో పశువైద్యుడే చెప్పాలి. లడ్డూకి ఆయన చుక్కల మందు రాసిచ్చారు. సిరంజితో నోటి పక్క నుంచి పోసేవాళ్లం. అయిదో రోజు గడ్డి దగ్గరికి తనంతట తానే నడిచింది. పదో రోజుకి పరుగు.

నా అభ్యంతరం ఒకటుంది. కేంద్రం 2018లో పెట్ షాపులకు నిబంధనలు తెచ్చింది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. మంచిదే. కానీ మందుల డబ్బాల్లో చాలావాటి లోపల ఓ కాగితం ఉంటుంది. అయిదారేళ్లు, ఒక్కోసారి ఎనిమిదేళ్లు బతికే ప్రాణిని అమ్మేటప్పుడు, 'ఇది గడ్డి తింటుంది, దీనికి విటమిన్ సి రోజూ కావాలి' అన్న రెండు వాక్యాలు పంజరానికి అతికిస్తే ఏం పోతుంది? షాపతన్ని ఒక్కడినే తప్పుపట్టను. అతనికీ ఎవరూ చెప్పి ఉండరు. కొన్నవాణ్ని నేను. ఫోన్ కొనే ముందు పది వీడియోలు చూస్తాను. దీనికి ఒక్కటి కూడా చూడలేదు. పుట్టినరోజు కానుకగా కొనాలనుకునే తల్లిదండ్రులకు నా మాట ఇదే: ముందు గడ్డి ఎక్కడి నుంచి రోజూ తెస్తారో, ఊళ్లో వీటిని చూసే పశువైద్యుడు ఎవరున్నారో తెలుసుకోండి. ఆ రెండూ తేలకపోతే కొనకండి. పిల్లలు ఏడిస్తే ఏడవనివ్వండి.

ఇప్పటికే ఇంట్లో ఉంటే ఒక చిన్న పని చేయండి. వంటింటి ఎలక్ట్రానిక్ త్రాసు మీద వారానికోసారి తూచి, క్యాలెండర్ మీద రాయండి. ఈ జంతువు జబ్బుని దాచుకుంటుంది. మనకు కనిపించేసరికి ముదిరి ఉంటుంది. బరువు మాత్రం దాచుకోలేదు. వారంలో 50 గ్రాములు తగ్గితే కన్నేసి ఉంచండి, ఇంకా తగ్గితే తీసుకెళ్లండి. పట్టుకున్నాక పిల్లల చేతులు సబ్బుతో కడిగించండి. తామర లాంటివి వాటి నుంచి మనకు రావచ్చు. మన ఎండలు వాటికి అస్సలు పడవు. ఏప్రిల్, మే నెలల్లో బాల్కనీలో ఉంచకుండా ఇంట్లో చల్లటి చోటికి మార్చి, నీళ్ల సీసా రోజుకి రెండుసార్లు చూడాలి.

లడ్డూ పోయిన ఆదివారం 910 గ్రాములు తూగింది. బుజ్జి 870. బుజ్జికి కూడా అదే తిండి పెట్టినా పైకి జబ్బేమీ కనిపించలేదు. అయినా డాక్టరుగారు దానికీ చుక్కలు వేయమన్నారు. ఫ్రిజ్ తలుపు చప్పుడైతే చాలు, రెండూ పంజరం కమ్మీలు పట్టుకుని ఈల వేసినట్టు అరుస్తాయి. మా ఆవిడ కొత్తిమీర కాడలు ఇప్పుడు ఒక డబ్బాలో విడిగా దాస్తోంది. గరిక కోసుకొచ్చే పని మా అమ్మది, కడిగే పని పాపది, తూచి రాసే పని నాది.